స్టెంట్ ఉన్నవాళ్లు పన్ను పీకించుకోవాలంటే

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. అనంతపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. 4 నెలల కిందట గుండెపోటు వస్తే ఎల్‌ఏడీలో (గుండె ముందువైపు రక్తనాళం) ఒక స్టెంట్ వేశారు. టికాగ్రెలార్ 90 రోజుకు రెండుసార్లు, ఎకోస్ప్రిన్ ఏవీ 75 రాత్రిపూట వాడుతున్నారు. ఇప్పుడు దవడ పన్ను పుచ్చి వాచింది. పీకాలంటే రక్తం పలచబడే మాత్రలు 5 రోజులు ఆపి రమ్మన్నారు పళ్ల డాక్టరు. ఆపవచ్చా?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆపకండి. స్టెంట్ వేసిన కార్డియాలజిస్టు చెప్పకుండా ఒక్క పూట కూడా మానొద్దు.

ఎందుకంటే, ఇప్పుడు వేస్తున్నవి దాదాపు అన్నీ మందు పూత ఉన్న స్టెంట్లే. ఆ మందు లోపల కండ పెరిగి దారి మళ్లీ మూసుకుపోకుండా చూస్తుంది. అయితే స్టెంట్ తీగలమీద రక్తనాళపు లోపలి పొర కప్పుకోవడాన్ని కూడా అదే ఆలస్యం చేస్తుంది. పొర కప్పుకునేదాకా లోహం రక్తానికి తగులుతూనే ఉంటుంది, రక్తాన్ని గడ్డ కట్టించే ప్లేట్‌లెట్ కణాలు దానికి అతుక్కుంటాయి. మొదటి నెలలో ప్రమాదం మరీ ఎక్కువ. గుండెపోటు తర్వాత వేసిన స్టెంటుకు మామూలుగా 12 నెలలు టికాగ్రెలార్, ఆస్పిరిన్ లాంటి రెండు మందులూ వాడమంటారు. మీ నాన్నగారు ఇంకా మూడో వంతే దాటారు. పంటి గుంటలో రక్తం వస్తే నొక్కిపట్టి ఆపొచ్చు. ఎల్‌ఏడీలో గడ్డ కడితే గుండె ముందు భాగానికి రక్తమే అందదు.

ఇంకో చిక్కు ఉంది. ఎకోస్ప్రిన్ ఏవీని చాలామంది 'కొలెస్ట్రాల్ గొట్టం మాత్ర' అంటుంటారు. అందులో అటోర్వాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు కూడా ఉంటుంది. అది తెలియక కొందరు పళ్ల డాక్టరుకు ఒక మందు పేరే చెబుతారు. మందుల చీటీ, డిశ్చార్జి కాగితం, స్టెంట్ కార్డు మూడూ పట్టుకెళ్లండి.

రెండు మందులూ నడుస్తుండగానే ఒకటి రెండు పళ్లు మామూలుగా పీకొచ్చు. పొద్దున్నే, అదీ సోమవారమో మంగళవారమో పెట్టుకోండి. ఆ సాయంత్రంలోపు రక్తం కారినా, మర్నాడు కారినా క్లినిక్ తెరిచే ఉంటుంది. పీకాక గుంటలో రక్తం ఆపే స్పాంజి పెట్టి కుట్టు వేయమనండి. పైన గాజు గుడ్డ పెట్టి 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా కొరికి ఉండాలి. మధ్యమధ్యలో తీసి చూడకూడదు, చూసినప్పుడల్లా కట్టిన గడ్డ ఊడి వస్తుంది. ఆ రోజు పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, వేడి కాఫీ వద్దు. ఉమ్మిలో కాస్త ఎరుపు కనిపించడం మామూలే. గాజు గుడ్డ మార్చి మళ్లీ అరగంట నొక్కినా నోరు నిండుతుంటే వెంటనే వెళ్లాలి.

నొప్పికి పారాసెటమాల్ చాలు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. రక్తస్రావం పెంచుతాయి, ఐబూప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనికే అడ్డొస్తుంది. వాపుకు యాంటీబయాటిక్ రాస్తే అది క్లారిత్రోమైసిన్ కాకుండా చూడండి, టికాగ్రెలార్‌తో దాన్ని కలపకూడదు. స్టెంట్ ఉందన్న ఒక్క కారణానికే ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ అక్కర్లేదు.

ఈ హడావుడిలో టికాగ్రెలార్ ఒక పూట మరిచిపోతే తర్వాతి పూటది వేళకు వేయండి. రెండూ కలిపి వేయొద్దు.

ప్రశ్న: స్టెంట్ వేయించుకుని 3 వారాలైంది. నడుము నొప్పికి ఎంఆర్‌ఐ తీయమన్నారు. 6 వారాలు ఆగాలని మా బంధువులు అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: అది పాతకాలపు జాగ్రత్త. ఇప్పటి స్టెంట్లు కదలవు, 1.5 టెస్లా, 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషీన్లలో వెంటనే తీసినా ఇబ్బంది లేదు. స్కాన్ గదిలో స్టెంట్ కార్డు చూపించండి.