సముద్రంలో నీరు పైకీ కిందికీ: ఈ చదువుకి ఈత కన్నా లెక్కలు ముఖ్యం

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. సముద్రంలో వెచ్చటి నీరు, చల్లటి నీరు కలిసే హద్దుల దగ్గర, సుడుల దగ్గర నీరు పైకీ కిందికీ ఎలా కదులుతుందో పరిశోధన చేస్తానంటోంది. ఇంత చిన్న విషయాన్ని నమ్ముకుని భవిష్యత్తు పెట్టుకోవచ్చా? ఓడల్లో తిరగాలేమో, తనకి ఈత కూడా రాదు. మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఈత సంగతి. ఈ రంగంలో చాలామంది రోజంతా కంప్యూటర్ ముందే ఉంటారు. ఓడ ఎక్కేవాళ్లు కూడా ఎక్కేది ఏడాదిలో కొన్ని వారాలే. ఆ భయం పక్కన పెట్టండి.

చిన్న విషయం అన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేను. సముద్రంలో ఎండ తగిలేది పైన ఓ 200 మీటర్ల వరకే. మొక్కల్లాంటి సూక్ష్మజీవులకి కావలసిన పోషకాలేమో కింద చీకట్లో ఉంటాయి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఆ జీవులదే. కింది నీరు పైకి రాకపోతే వాటికి తిండి లేదు. పైనున్న ఆక్సిజన్, కార్బన్ లోతుకి చేరాలన్నా నీరు దిగాల్సిందే. ఈ రాకపోకలు సముద్రమంతటా ఒకేలా జరగవు. హద్దుల దగ్గర, సుడుల అంచుల్లో చాలా జోరుగా ఉంటాయి.

2016లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఒక ప్రయోగం జరిగింది. ఇరవై కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్రాంతంలో సుమారు 200 తేలియాడే పరికరాలు వదిలారు. అవి చెల్లాచెదురై పోతాయనే ఎవరైనా అనుకుంటారు. కానీ వారం తిరిగేలోగా సగానికి పైగా వచ్చి 60 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోట పోగుపడ్డాయి. వాటిని మోసుకొచ్చిన నీరు ఏమైంది? హద్దు దగ్గర కిందికి దిగిపోయింది, సెకనుకు సెంటీమీటరు స్థాయి వేగంతో. పరికరాలు మునగవు కాబట్టి పైనే మిగిలాయి. ఈ ఒక్క ఉదాహరణ మీ అమ్మాయితో మాట్లాడి చూడండి, తను ఎందుకు ఆకర్షితురాలైందో మీకే తెలుస్తుంది.

సెంటీమీటరంటే ఇక్కడ చాలా ఎక్కువ. పెద్ద సుడుల్లో నీరు రోజుకి పది మీటర్లు పైకి లేస్తే గొప్పే, అంటే నిమిషానికి ఏడు మిల్లీమీటర్లు. అదే సమయంలో అలలు ఓడని మీటర్ల కొద్దీ ఎత్తి దించుతుంటాయి. అందుకే ఆ వేగాన్ని నేరుగా కొలవడం మహా కష్టం. ఉష్ణోగ్రత, ఉప్పదనం, అడ్డంగా పారే ప్రవాహాల నుంచి లెక్కగట్టి రాబట్టాలి. ద్రవ గతిశాస్త్రం, పాక్షిక అవకలన సమీకరణాలు, స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ భాష ఈ చదువుకి ఆయువుపట్టు. పీజీలో అమ్మాయి వీటిమీద గట్టిగా కూర్చోవాలి. సముద్రమంటే ఇష్టం ఉండి లెక్కలంటే విసుగైతే ఇటు రావద్దనే చెబుతాను.

ఉద్యోగాల మాట దాచను. పరిశోధనలో నిలదొక్కుకోవాలంటే పీహెచ్‌డీ తప్పదు, శాశ్వత పోస్టులు తక్కువ. అయితే ఈ శిక్షణ వృథా పోదు. వాతావరణ అంచనాలు, వాతావరణ మార్పుల మోడళ్లు, ఉపగ్రహ డేటా, సముద్రంలో ఒలికిన చమురు ఎటు పోతుందో చెప్పే పని, అన్నిచోట్లా కావలసింది ఈ నైపుణ్యాలే. పైగా 2022 డిసెంబరులో ప్రయోగించిన స్వాట్ ఉపగ్రహం సముద్ర మట్టాన్ని సుమారు 120 కిలోమీటర్ల వెడల్పున చూస్తోంది. అంతకు ముందువి తమ కింద ఒక గీత వెంబడే కొలిచేవి. సుడి ఉన్నచోట నీటి మట్టం కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటుంది కాబట్టి, ఇదివరకు కనబడని చిన్న సుడులు ఇప్పుడు దొరుకుతున్నాయి. నా దృష్టిలో ఇది అడుగుపెట్టడానికి మంచి కాలం.

నిర్ణయానికి ముందు ఒక నెల పరీక్ష పెట్టండి. ఆర్గో అని ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 యంత్రాలు తేలుతుంటాయి. వాటిలో చాలావరకు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుచుకుంటూ పైకొస్తాయి. డేటా అంతా ఉచితం. ఒక యంత్రాన్ని ఎంచుకుని, ఏడాది పొడవునా లోతును బట్టి నీటి సాంద్రత ఎలా మారిందో తననే గ్రాఫ్ గీయమనండి. మొదటిసారి గ్రాఫ్ పిచ్చిగా వస్తే కంగారు పడొద్దని, ప్రతి కొలత పక్కనా ఉండే నాణ్యత సంఖ్య చూసి 1 (అంటే మంచి కొలత) ఉన్నవే తీసుకోమని చెప్పండి. కొత్తవాళ్లు తరచూ తడబడేది అక్కడే.