ఇంత ఎండ ఉండి కూడా మొక్క ఎందుకు ఎదగదు?

ప్రశ్న: మాది బీచ్ రోడ్డు దగ్గర అపార్ట్‌మెంట్. డాబా మీద కుండీల్లో టమాటా, మిరప, వంగ వేశాను. జనవరిలో ఏపుగా పెరిగాయి, మే వచ్చేసరికి ఎదుగూబొదుగూ లేదు. మొక్కకి ఎండే కదా ఆహారం, మరి ఇంత ఎండలో ఇలా ఎందుకవుతోంది? ఎరువు పెంచమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎరువు ఇప్పుడు అస్సలు వద్దండీ. మట్టి ఎండిపోతున్న కుండీలో ఎరువు వేస్తే వేళ్ల దగ్గర లవణాలు పెరిగి, నీళ్లు పీల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది. వానలు మొదలై కొత్త చిగుర్లు కనిపించాక వేసుకోవచ్చు.

మొక్క తన ఆహారం తయారుచేసుకునే కిరణజన్య సంయోగక్రియకి వెలుతురు, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, తగుమాత్రం వేడి, అన్నీ కావాలి. వీటిలో దేనికి కరువొస్తే వేగం దాన్నిబట్టే ఉంటుంది, మిగతావి ఎంత ఉన్నా లాభం లేదని బ్లాక్‌మన్ అనే శాస్త్రవేత్త 1905లోనే చెప్పాడు. మీ డాబా మీద వెలుతురుకి లోటు లేదు, నిజానికి నడినెత్తిన కాసే ఎండలో టమాటా ఆకు సగం కూడా వాడుకోలేదు.

కరువంతా కార్బన్ డయాక్సైడ్‌కి. గాలిలో అది ఉండేదే 0.04 శాతం. ఎక్కువగా ఆకు అడుగున ఉండే సన్నని పత్రరంధ్రాల్లోంచే అది లోపలికెళ్లాలి, నీటి ఆవిరి బయటికొచ్చేదీ వాటిలోంచే. వేళ్లు పంపే నీళ్లు చాలకపోతే మొక్క ఆ రంధ్రాలు మూసేసుకుంటుంది, ప్రాణం కాపాడుకోవాలి కదా. అప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గి, దాన్ని పట్టుకోవాల్సిన రుబిస్కో అనే ఎంజైము దాని బదులు ఆక్సిజన్‌ని పట్టుకోవడం ఎక్కువవుతుంది, వేడి పెరిగేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది, అలా మొక్క కష్టపడి చేసుకున్నదాంట్లో కొంత వృథాగా పోతుంది. మొక్కజొన్న, చెరకులకి ఈ బాధ తక్కువ, కార్బన్ డయాక్సైడ్‌ని ముందే పోగుచేసుకునే ఏర్పాటు వాటి ఆకుల్లోనే ఉంది. పైగా రాత్రులు కూడా ఉక్కగా ఉంటే పగలు చేసుకున్న చక్కెర శ్వాసక్రియకే ఎక్కువ ఖర్చవుతుంది.

అందుకని ముందు ఎండని సగం ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టండి, కనీసం పదకొండు నుంచి నాలుగు దాకా నీడ పడాలి. మధ్యాహ్నం కుండీ మీద చెయ్యి వేసి చూడండి, చెయ్యి కాలితే లోపల వేళ్లూ ఉడుకుతున్నట్టే. కుండీల కింద ఇటుకలు పెట్టి శ్లాబుకి ఎడంగా ఉంచండి, మట్టి మీద ఎండుటాకులు పరవండి, పొద్దున్నే నీళ్లు నిండుగా పోయండి.

మీకు సముద్రపు గాలి కూడా తగులుతుంది. ఆకుల అంచులు మాడినట్టు ఉంటే ఉప్పు కూడా కారణం కావచ్చు. ఆ ఉప్పు, రోడ్డు దుమ్ము పోయేలా వారానికి రెండుసార్లు పొద్దునపూట ఆకుల్ని మంచినీళ్లతో, అడుగువైపు కూడా తడిసేలా కడగండి.