ఆకు వెనుక దాగిన పురుగు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ మొక్క పాలిపోతోందని, ఎరువు రెండింతలు వేసినా తేరుకోవడం లేదని రాశావు. ముందు ఆ ఎరువు ఆపు. రసం పీల్చే పురుగు దాగి ఉంటే, నత్రజనితో వచ్చే లేత చిగురు దానికే మేత అవుతుంది.

పురుగును వెతికే ముందు అది విడిచిన ఆనవాలును వెతకాలి. ఆకు పైభాగాన సూదితో పొడిచినట్టు లేతపసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లిని అనుమానించు. అది కీటకం కాదు, సాలీడుకు దగ్గరి జీవి. నిడివి సుమారు అర మిల్లీమీటరే కాబట్టి ఆకును ఎంతసేపు తేరిపార చూసినా దొరక్కపోవచ్చు. ఆకుల కింద తెల్లకాగితం పట్టి కొమ్మను తట్టి, రాలిన నలుసుల్లో ఏవైనా నడుస్తున్నాయేమో ఒక నిమిషం ఓపికగా చూడు. వేడిగా, పొడిగా ఉండే గదిలో అది గుడ్డు దశ నుంచి పెద్దదయ్యేందుకు వారం చాలు. అది అల్లే సాలెగూడులాంటి సన్నని గూడు కంటికి కనబడేసరికి ఆలస్యమైనట్టే.

ఆకు మీదో కుండీ చుట్టూ నేల మీదో జిగురు తగిలినా, చీమలు కాండం ఎక్కుతున్నా, నల్లని మసి పట్టినా ఆ పైనున్న కొమ్మలు చూడు. ఆకు కాండాన్ని అంటిన మూలల్లో దూదిలాంటిది ఉంటే పిండినల్లి. కాండం మీది గోధుమరంగు బొడిపెను బెరడులో భాగమనుకొని వదిలేయకు; గోటితో గీరితే ఊడివచ్చేది పొలుసు పురుగు. వెండి పూసినట్టున్న మచ్చలు, వాటిపై నల్లని చుక్కలు తామర పురుగులవి.

ఇవేవీ లేకపోతే వేళ్లు చూడక తప్పదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నేనూ ఆగిపోయాను. ఎంతో ఇష్టంగా పెంచిన మొక్క తడిమట్టిలోనే వాడిపోతుంటే నెలల తరబడి కారణం తెలియలేదు. అది చనిపోయాక కుండీ బోర్లిస్తే లోపలి గోడ నిండా, వేళ్ల మధ్యా తెల్లని పిండి. వేళ్లను పట్టే పిండినల్లి అది. అందుకే మొక్కను మట్టిగడ్డతో సహా మెల్లగా బయటికి జార్చి వెలుతురులో చూడు. మట్టి మీద చిన్న నల్లదోమలు ఎగురుతుంటే బంగాళాదుంప ముక్కను తడిమట్టిపై మూడు రోజులు ఉంచి తిప్పిచూడు. నల్లతల ఉన్న తెల్లని పిల్లపురుగులు దాన్ని పట్టి ఉంటాయి.

ఈ పరీక్షలు పూర్తయ్యేవరకు ఆ మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టు, దాన్ని తాకిన చేతులతో మరో మొక్కను ముట్టుకోకు. ఇకపై తెచ్చే ప్రతి కొత్త మొక్కనూ మూడు వారాలు విడిగా ఉంచి, వారానికోసారి ఆకుల అడుగు భాగాన్ని భూతద్దంతో చూడు. నీకు ఏ ఆనవాలు దొరికిందో రాస్తే మందు సంగతి అప్పుడు చెబుతాను. అంతవరకు ఏదీ పిచికారీ చేయకు, ఎందుకంటే కీటకాలను చంపే మందుల్లో చాలావాటికి ఎర్రనల్లి లొంగదు సరికదా, దాన్ని తినే మేలు పురుగులు చచ్చి అది మరింత పెరుగుతుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ