పండ్ల గార తీసే చదువుకు డిగ్రీ కావాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ రాశాను, బీడీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మా ఊళ్లో చాలామందికి ఉన్నట్టే నా ముందు పండ్ల మీద గోధుమ రంగు మరకలున్నాయి. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటాను. మా అక్క కొడుకు మిషన్ భగీరథ నీళ్లొచ్చాక పుట్టాడు, వాడి పండ్లు తెల్లగా ఉన్నాయి. డెంటల్ హైజీన్ చదివి మా ఊరివాళ్ల మరకలు పోగొట్టాలని నా కోరిక. రెండేళ్ల డిప్లొమా ఉందంటున్నారు. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ బీఎస్సీ ఇస్తుందట. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో అమెరికా బ్యాచిలర్స్ ఏడాదిన్నరలో, అదీ ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, బత్తాయి తోట మీద లోన్ తీసుకోండి అని నాన్నకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏది చదవమంటారు?
– ఒక పాఠకురాలు, మర్రిగూడ మండలం

జవాబు: బిడ్డా, ముందు ఆ తోట కాగితాలు బీరువాలో పెట్టించు. మిగతా సంగతులు నిమ్మళంగా మాట్లాడుకుందాం.

నీ చున్నీ మాట చదివి కాసేపు ఆగిపోయాను. నేనూ దేవరకొండ వైపు పిల్లనే. స్కూల్లో ఫొటో తీసినప్పుడల్లా మూతి బిగించుకుని నిలబడేదాన్ని. డెంటల్ హైజీనిస్టుగా ఇరవై అయిదేళ్ల పైన పనిచేశాను గానీ నా పండ్ల మరకలు నాకే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. అవి పైన అంటిన మురికి కాదు కదా. చిగురు లోపల పక్కా పన్ను తయారవుతున్న రోజుల్లో, అంటే ముందు పండ్లకైతే పసితనంలోనే, తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ ఎనామిల్‌ను పాడుచేస్తుంది. పన్ను బయటికి రావడమే ఆ మచ్చతో వస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పర్వాలేదు అని మన దేశపు ప్రమాణం. మన బోర్లు ఆ లెక్కను ఎన్నడో దాటాయి. ఎంత క్లీనింగ్ చేసినా ఆ రంగు పోదు. పై పొరను సన్నగా అరగదీయడమో, పన్ను ముందు వైపు సన్నని పలకలు అతికించడమో చేయాలి. అది డెంటిస్టు పని, హైజీనిస్టు చేయకూడదు. నువ్వు ఈ చదువులోకి వచ్చేది మరకల కోసమే అయితే మొదటి ఏడాదిలోనే మనసు విరిగిపోతుంది. అందుకే ముందే చెబుతున్నా.

మరి హైజీనిస్టు చేసేదేంటి? 1948 డెంటిస్ట్స్ చట్టంలో సూటిగా ఉంది: పండ్ల గార తీయడం, శుభ్రం చేయడం, పాలిష్ పెట్టడం, నోటి శుభ్రత గురించి చెప్పడం. చెప్పుకుంటే ఇంతే. చేస్తే తెలుస్తుంది. గార ఎక్కువగా పట్టేది కింది ముందు పండ్ల వెనక వైపు, ఎందుకంటే లాలాజలం గొట్టం తెరుచుకునేది అక్కడే. మొన్నొక లారీ డ్రైవర్ వచ్చాడు. అంబర్ పొగాకు నమిలే అలవాటు. ఆ నాలుగు పండ్లు సిమెంటు పోసినట్టు ఒకే ముక్కగా ఉన్నాయి. ఉంగరం వేలు పక్క పన్ను మీద ఆనించి, గార తీసే పరికరం స్కేలర్‌ను పెన్ను పట్టినట్టు పట్టి, చిగురు కింది నుంచి పైకి లాగుతూ పోవాలి. వేలు ఆనకపోతే చెయ్యి జారి చిగురు చీరుతుంది. ముప్పావు గంట పట్టింది. లేచి నాలుకతో తడుముకుని, ‘నా పన్ను ఇరగ్గొట్టినవ్ మేడమ్, సందు తగులుతాంది’ అన్నాడు. ట్రేలో ఊడిపడిన గార చూపించాను. అద్దంలో చూసుకుని, పండ్లు నాలుగూ విడివిడిగా కనిపించేసరికి నవ్వాడు. క్లీనింగ్ చేయిస్తే పండ్లు వదులవుతాయని మన దగ్గర అందరూ అనేది ఇందుకే. గార నిండిన సందు ఖాళీ అయితే వదులైనట్టు అనిపిస్తుంది. ఈ మాట రోజుకు ఆరుసార్లు ఓపికగా చెప్పాలి. సాయంత్రానికి మెడ, నడుము నీవి కావు. ఇది నీకు నచ్చుతుందా లేదా అన్నది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. నార్కట్‌పల్లిలో డెంటల్ కాలేజీ ఉంది, నీకు దూరమేం కాదు. అమ్మకో నాన్నకో పండ్లు చూపించే పని పెట్టుకుని చిగుళ్ల విభాగంలో ఒక పూట కూర్చునిరా. దాన్ని అక్కడ ‘పీరియో’ అంటారు.

ఇక కాగితం సంగతి. నా కథ చెబుతా. ఇంటర్ అయ్యాక నేనూ సిటీలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఏడాది సర్టిఫికెట్ కోర్సు, గోడ మీద రంగురంగుల బోర్డు. ఫీజుకు మా అమ్మ రెండు బర్రెలు అమ్మింది. కోర్సు అయ్యాక హైజీనిస్టుగా రిజిస్ట్రేషన్ కోసం డెంటల్ కౌన్సిల్‌కు పోతే, కౌంటర్‌లో ఉన్నాయన సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి, ‘దీని మీద రిజిస్టర్ చేయలేమమ్మా’ అని చేతికిచ్చాడు. బస్సులో దేవరకొండ దాకా ఏడ్చుకుంటూ పోయాను. తర్వాత సరైన రెండేళ్ల డిప్లొమా చదివాను గానీ ఆ బర్రెలు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ఆ ప్రైవేటు యూనివర్సిటీని అడగాల్సింది ఒక్కటే: ‘ఈ బీఎస్సీ పాసైతే నన్ను రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ హైజీనిస్టుగా రిజిస్టర్ చేస్తుందా? రాసివ్వండి.’ రాసివ్వనంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. మన దేశంలో డెంటల్ కౌన్సిల్ నియమాలు చెప్పే హైజీనిస్టు కోర్సు రెండేళ్ల డిప్లొమాయే. సైన్స్‌తో ఇంటర్ ఉంటే చాలు, నీట్ అక్కర్లేదు. డిగ్రీ అన్న పేరు చూసి మోసపోకు. 2023లో డెంటల్ కౌన్సిల్ స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్‌ను తెచ్చేందుకు చట్టం చేశారు కాబట్టి, చేరే రోజున ఏ నియమం అమల్లో ఉందో తెలంగాణ డెంటల్ కౌన్సిల్‌కే పోయి అడుగు.

అయితే డిగ్రీ దండగ అని కూడా అనను. 2024లో రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్‌లో డెంటల్ హైజీనిస్టు పోస్టుకు బయాలజీ ఉన్న సైన్స్ డిగ్రీ, దానిపైన డెంటల్ కౌన్సిల్ గుర్తించిన డిప్లొమా, అనుభవం అడిగారు. నా మాట వింటే నల్గొండ ఎన్జీ కాలేజీలోనో, నీకు దగ్గర్లో ఉన్న మరో ప్రభుత్వ కాలేజీలోనో బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చేసి, ఆ పైన డిప్లొమా చెయ్. అయిదేళ్లవుతుంది, నిజమే. కానీ ఈ పని నచ్చకపోయినా డిగ్రీ చేతిలో ఉంటుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. మన ఊళ్ల క్లినిక్‌లలో హైజీనిస్టును పెట్టుకునేవాళ్లు తక్కువ. కొత్తగా పాసైన బీడీఎస్ పిల్లలతోనే క్లీనింగ్ చేయిస్తారు. నా మొదటి జీతం ఎంతో చెబితే మీ నాన్న నవ్వుతారు.

అమెరికా మాటకొస్తే, ఈ ఉద్యోగం పుట్టిందే అక్కడ. కనెక్టికట్‌లో ఫోన్స్ అనే డెంటిస్టు 1906లో తన దగ్గర పనిచేసే ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పాడు, 1913లో స్కూలు పెట్టాడు. మంచి జీతాలున్న మాట వాస్తవం. కానీ అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు కావాలంటే కోడా అనే అక్రెడిటేషన్ కమిషన్ గుర్తించిన కాలేజీలో చదవాలి, నేషనల్ బోర్డు పరీక్ష రాయాలి, ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుకు బ్యాచిలర్స్ కూడా అక్కర్లేదు, దానికంటే చిన్నదైన అసోసియేట్ డిగ్రీ చాలు. మరి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే ఆన్‌లైన్ బ్యాచిలర్స్ ఏంటంటావా? దాన్ని ‘డిగ్రీ కంప్లీషన్’ అంటారు. అప్పటికే హైజీనిస్టు అయినవాళ్లు టీచింగ్‌కో, పబ్లిక్ హెల్త్‌కో పోవడానికి చేసే కోర్సు అది. నీకు ఆ మొదటి మెట్టే లేదు. పేషెంటు నోట్లో చెయ్యి పెట్టకుండా ఫోన్‌లో చూసి స్కేలింగ్ ఎవరికొస్తుంది? ఆ కోర్సు కోడా లిస్టులో లైసెన్సుకు పనికొచ్చేదేనా అని వాళ్లను అడగమను నాన్నను. ఫోన్లు వాటంతటవే ఆగిపోతాయి.

ఊరికి పనికి రావాలన్న నీ కోరిక మంచిదే. డిప్లొమా క్లాసులో మా సారు ‘నల్గొండ టెక్నిక్’ అని బోర్డు మీద రాస్తే నేను లేచి నిలబడ్డాను, నన్నే పిలిచారనుకుని. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గిస్తారు. మీ అక్క కొడుకు పండ్లు తెల్లగా వచ్చింది నీళ్ల వల్ల, మా స్కేలర్ వల్ల కాదు. నీటి పరీక్షల వైపు పోవాలన్నా బీఎస్సీ కెమిస్ట్రీ ఉంటే దారి ఉంటుంది. అదీ ఆలోచించు.

ప్రశ్న: మా అమ్మాయి మహబూబ్‌నగర్‌లో బీడీఎస్ చేసింది. అల్లుడు అమెరికాలో ఉన్నాడు. అక్కడ హైజీనిస్టుగా చేరొచ్చా?
– జడ్చర్ల నుంచి ఒక తల్లి

జవాబు: చాలా రాష్ట్రాల్లో కుదరదమ్మా, అక్కడి హైజీన్ కోర్సు చదవాల్సిందే. ఫ్లోరిడా మాత్రం బయటి దేశాల డెంటిస్టులను హైజీనిస్టు పరీక్షలకు రానిస్తుంది. అల్లుడుగారు ఉండేది ఏ రాష్ట్రమో మీరు రాయలేదు. డిపెండెంట్ వీసా మీద పోతుంటే చదువుకోవచ్చు గానీ ఉద్యోగానికి చాలావరకు విడిగా వర్క్ పర్మిట్ కావాలి. అయిదేళ్లు కష్టపడి బీడీఎస్ చేసిన పిల్ల కదా, అక్కడి డెంటల్ కాలేజీల్లో బయటి డెంటిస్టులకు రెండు మూడేళ్ల కోర్సులుంటాయి, ముందు వాటికి ప్రయత్నించమనండి. ఒరిజినల్ మార్కుల మెమోలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇక్కడున్నప్పుడే తీసుకోమనండి. విమానం ఎక్కాక వాటి కోసం మీరే యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.