టెండరు పిలిచే ముందు నేలను అడుగు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కొత్త వంతెనకు ఏ పద్ధతిలో కాంట్రాక్టు ఇవ్వాలో సిఫార్సు చేయమని నీకు అప్పగించారని, పైవాళ్లేమో "లంప్‌సమ్‌లో (పనంతటికీ ముందే ఒకే ధర ఖాయం చేసి) ఇచ్చేద్దాం, తలనొప్పి ఉండదు" అంటున్నారని రాశావు. ఆ మాట ఒకప్పుడు నేనూ నమ్మాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫైలు తెరవగానే పద్ధతి పేరు రాయకు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ పనిలో మనకు ఇంకా తెలియనివన్నీ రాయి. నేల కింద ఏముంది, డిజైన్ ఎంతవరకు వచ్చింది, భూసేకరణ అయిందా, అడ్డొచ్చే పైపులైన్లు ఎవరు తప్పించాలి, మధ్యలో మన అవసరాలు మారే వీలుందా. ఒక్కోదాని పక్కన, అది అనుకున్నట్టు లేకపోతే సరిచేయగలిగింది మనమా, కాంట్రాక్టరా అన్నది రాయి. ఆ కాగితం పూర్తయ్యేసరికి నీ నిర్ణయం సగం తేలిపోతుంది.

నేను సర్వీసులో చేరిన కొత్తలో ఇలాంటి వంతెనకే నేల పరీక్షకు రెండు బోర్లు వేయించి లంప్‌సమ్ టెండరు పిలిచారు. ఆ ఫైలు మీద నా సంతకమూ ఉంది. రెండు బోర్లూ ఒడ్డునే వేశారు. బోరులోంచి తీసిన నమూనాలు పెట్టే కోర్ బాక్సులో రాతి ముక్కలు వరసగా పేర్చి ఉంటే, ఏటి అడుగంతా ఇదే రాయి అనుకున్నాం. మూడో పియరు (వంతెన స్తంభం) దగ్గర తవ్వితే రాయి తగల్లేదు. బూడిదరంగు బంకమట్టి, తవ్వినకొద్దీ గుంతలోకి జారుతూనే ఉంది. నేల బాధ్యత కాంట్రాక్టరుదేనని ఒప్పందంలో రాసుకున్నాం కాబట్టి కాగితం మీద గెలుపు మాదే. ఆయన పనివాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత రెండు వానాకాలాలు బడిపిల్లలు పుస్తకాల సంచులు గుండెకు హత్తుకుని పడవలోనే ఏరు దాటారు. ఆ సంతకం గుర్తొస్తే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

కాంట్రాక్టరు తెలుసుకోలేని రిస్కును అతని నెత్తిన పెడితే అతను చేసేది రెండే. భయపడి రేటు పెంచుతాడు, లేదా పని దక్కించుకోవడానికి తగ్గించి వేసి తర్వాత అదనపు డబ్బు కోసం క్లెయిములకు దిగుతాడు. కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ 1999లో టర్న్‌కీ పనుల (డిజైన్ నుంచి అప్పగింతదాకా అన్నీ కాంట్రాక్టరే చేసేవి) కోసం తెచ్చిన సిల్వర్ బుక్ అనే నమూనా ఒప్పందం ముందుమాటలోనే, భూగర్భ పని ఎక్కువగా ఉన్నా, టెండరుదారులు పరిశీలించలేని చోట పని ఉన్నా ఈ షరతులు పనికిరావని రాశారు. సొరంగాల్లాంటి పనులకు 2019లో వేరేగా ఎమరాల్డ్ బుక్ తెచ్చారు. అందులో నేల స్థితి ఇదీ అని ఒక ఆధార నివేదిక ముందే ఇస్తారు. తవ్వాక అంతకంటే వేరుగా తేలితే ఆ ఖర్చు పని ఇచ్చినవారిది. నీ పైఅధికారులకు ముందు ఇది చూపించు.

నీ వంతెనకు డ్రాయింగులు దాదాపు సిద్ధంగా ఉండి, పునాది లోతు మాత్రమే తేలకపోతే, ఐటెం రేటు మంచిది. ఒక్కో రకం పనికి విడిగా రేటు పెట్టి, ఎంత పని జరిగితే అంత కొలిచి చెల్లిస్తాం. కానీ మన పరిమాణాలు సరిగ్గా ఉండాలి. పైలింగ్ (పునాది స్తంభాలు నేలలోకి దింపే పని) మీటర్లు తక్కువ చూపించావనుకో, ఆ సంగతి పసిగట్టిన కాంట్రాక్టరు ఆ ఒక్క ఐటెంకు రేటు బాగా పెంచి, మిగతావి తగ్గించి ఎల్1గా (అందరికంటే తక్కువ మొత్తంతో) వస్తాడు. పనిలో మీటర్లు పెరిగినకొద్దీ మన డబ్బు పోతుంది. టెండరు మూల్యాంకనంలో మొత్తం ఒక్కటే చూడకు, పెద్ద ఐటెంల రేట్లు ఒక్కొక్కటీ చదువు. ఇక లంప్‌సమ్ అంటావా, డిజైన్ పూర్తయి, మార్పులు రావని గట్టిగా తెలిసిన భవనాలకు అది చక్కగా సరిపోతుంది.

డిజైన్, నిర్మాణం ఒకరికే ఇవ్వడాన్ని కొందరు చూడకుండానే కొట్టిపారేస్తారు. నేను వాళ్లతో ఏకీభవించను. అమెరికాలోని మినియాపాలిస్‌లో 2007 ఆగస్టు 1న ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు. కొత్త వంతెనను ఈ పద్ధతిలోనే ఇచ్చారు, 2008 సెప్టెంబరు 18న తెరిచారు. పని దక్కిన జట్టు ధర మిగతా అందరికంటే ఎక్కువ. నాణ్యతకు, గడువుకు మార్కులు ఎలా వేస్తారో టెండరులోనే చెప్పి, ధరతో కలిపి లెక్కకట్టారు. గొడవ కోర్టుదాకా వెళ్లినా రవాణా శాఖే నెగ్గింది. నువ్వూ ఈ దారి పడితే మార్కుల పద్ధతి ముందే ప్రకటించు, ప్రతి మార్కుకూ కారణం రాసిపెట్టు. ఒకసారి పని ఇచ్చాక మాత్రం "ఇక్కడ ఇలా మార్చు" అనకూడదు. అంటే డిజైన్ బాధ్యత మళ్లీ మన మీదకే వస్తుంది.

మేనేజ్‌మెంట్ పద్ధతి గురించి కూడా అడిగావు. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మనమే కాంట్రాక్టు ఇస్తూ, నడపడానికి ఒక మేనేజరును పెట్టుకోవడం. త్వరగా మొదలవుతుంది, కానీ మొత్తం ఖర్చు రిస్కు మనదే. స్కాట్లండ్ పార్లమెంటు భవనాన్ని ఇలా కట్టారు. 1997లో 1 కోటి నుంచి 4 కోట్ల పౌండ్లన్నది చివరికి 41.4 కోట్లకు చేరింది, మూడేళ్లు ఆలస్యమైంది. 2004లో వచ్చిన ఫ్రేజర్ విచారణ నివేదిక ఈ పద్ధతి ఎంపికనే పెద్ద తప్పుల్లో ఒకటిగా చెప్పింది. రిస్కు ఎంతో మంత్రులకు ముందు చెప్పనేలేదట. నీ నోట్‌లో రిస్కు సంగతి విడిగా, పైవాళ్ల కంటపడేలా రాయి.

అయిన ఖర్చుకు కొంత కమిషన్ కలిపి చెల్లించే పద్ధతిని వరదలో గండి పూడ్చడం లాంటి అత్యవసరాలకే వదిలేయి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. సిఫార్సు రాసే ముందు ప్రతి పియరు చోటా ఒక్కో బోరు వేయించు, నీళ్లలో ఉన్నవాటికి కూడా. ఆలస్యమవుతుందని టెన్షన్ పెడతారు, అయినా పట్టుబట్టు. బోర్ లాగులు (ఏ లోతులో ఏ మట్టి, ఏ రాయి ఉందో రాసిన పట్టికలు) రాగానే నాకు పంపు. కోర్ బాక్సుల ఫోటోలు కూడా పంపు, తడిపి తీయించు, రాయి రంగు తెలుస్తుంది. కూర్చుని చూసి, ఏ పద్ధతి నయమో అప్పుడు మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ బాబాయి