కోల్డ్ బ్రూకి గింజలు ఎంచుకునేటప్పుడు

అమ్మలూ,

ఆశీస్సులు. ఇంట్లోనే కోల్డ్ బ్రూ, అంటే చన్నీళ్లలో గంటల తరబడి నానబెట్టి దించే కాఫీ, చేసుకోవాలని ఉందనీ, ఏ కాఫీ గింజలు కొనాలో తేలడం లేదనీ రాశావు. ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. వేడినీళ్లు నాలుగైదు నిమిషాల్లో చేసే పనికి చన్నీళ్లకు 12 నుంచి 18 గంటలు పడుతుంది. అంతసేపు నానినా గింజలోని సన్నటి పులుపు, పూల సువాసన పూర్తిగా దిగవు. అందుకని చన్నీళ్లకు లొంగే గింజనే వెతుక్కోవాలి.

మీడియం రోస్ట్‌తో, అంటే మధ్యస్థంగా వేయించిన గింజలతో మొదలుపెట్టు, లేదా దానికంటే కాస్త ముదురు. ప్యాకెట్ మీద చాక్లెట్, కారమెల్, నట్స్ లాంటి రుచులు రాసి ఉంటే నీకు పనికొస్తుంది. బ్రెజిల్ గింజల్లో ఈ గుణం ఎక్కువ. లైట్ రోస్ట్ గింజ, అంటే తక్కువ వేయించినది, గట్టిగా ఉంటుంది, రుచిని తొందరగా వదలదు. ఖరీదైనది కదా అని దాన్ని చన్నీళ్లలో పోస్తే నాకు మనసొప్పదు. దాన్ని వేడినీళ్లకే ఉంచు. అలాగని నల్లగా నూనె తేలి మెరిసేదీ వద్దు. మాడు రుచి వస్తుంది, పైగా ఆ నూనె గాలి తగిలి త్వరగా పాడవుతుంది.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది వేయించిన తేదీ గురించి. ఎక్స్‌పైరీ తేదీ చూసి సరిపెట్టుకోకు, అది తాజాదనం గురించి ఏమీ చెప్పదు. రోస్ట్ చేసిన తేదీ వేయని ప్యాకెట్‌ను అక్కడే పెట్టెయ్. వేయించి వారం నుంచి నెల లోపు అయితే బాగుంటుంది. నిన్న మొన్న వేయించినవైతే లోపల గ్యాస్ ఇంకా నిండుగా ఉంటుంది. పొడి నీళ్ల మీద తేలిపోయి సరిగ్గా తడవదు. కొన్నాళ్లు ఆగు.

పాలు లేకుండా బ్లాక్‌గా తాగేటట్టయితే అరబికా రకం గింజలు చాలు. పాలు కలుపుకుంటావా, కొంచెం రోబస్టా అనే ఇంకో రకం కలిపిన బ్లెండ్ తీసుకో, పాలల్లో కూడా కాఫీ రుచి నిలబడుతుంది. అయితే రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు. సాయంత్రాలు తాగితే నిద్ర పట్టదు, జాగ్రత్త.

పొడి కాకుండా గింజలే కొని, చేసుకునే ముందు రాళ్ల ఉప్పంత బరకగా ఆడించు. గ్రైండర్ లేకపోతే కొన్నచోటే బరకగా పట్టించుకో. మెత్తటి పొడితో చేదు ఎక్కువవుతుంది, వడపోతకు గంటలు పడుతుంది.

మొదట 250 గ్రాముల ప్యాకెట్ చాలు. 100 గ్రాముల పొడికి 800 మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యి. పొడి కొంత నీరు పీల్చుకుంటుంది కాబట్టి వడకట్టాక 600 దాకా వస్తుంది, కంగారు పడకు. చిక్కగా అనిపిస్తే నీళ్లో పాలో కలుపుకో. రెండు రకాల గింజల్ని పోల్చాలనుకుంటే కొలత, సమయం మార్చకు, లేకపోతే తేడా దేనివల్లో తెలియదు.

పలచగా, పుల్లగా వస్తే గింజ మంచిది కాదని తీర్మానించకు. ఇంకో నాలుగు గంటలు నాననిచ్చి చూడు. అప్పటికీ నచ్చకపోతే, ప్యాకెట్ మీద ఏం రాసుందో నాకు ఫోటో పంపు.

మీ పెదనాన్న