పాత టాటా మొబైల్: రంగు వేయించకండి, కాగితాలు పక్కాగా చేసి అమ్మండి

ఒడిశాలోని గుణుపురంలో మీ నాన్నగారు 1991 నుంచి నడిపిన టాటా మొబైల్ పికప్ ఇప్పటికీ కంపెనీ రంగుతో, కంపెనీ ఇంజనుతో ఉందని రాశారు. రంగు వేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టే అమ్మాలా, విజయనగరం వాళ్లకు ఇస్తే కాగితాల సంగతేమిటి అని అడిగారు. మాది పర్లాకిమిడి, అదీ ఒడిశాలోనే. అదే ఏడాది కొన్న అలాంటి బండినే 2023లో విశాఖపట్నం ఆయనకు అమ్మాను.

రంగు మాత్రం వేయించకండి. మా మెకానిక్ కూడా "ముప్పై వేలు పెట్టండి బాబూ, లప్పం పెట్టి కొత్త బండిలా చేసేస్తాను" అన్నాడు. నేనూ సరే అనబోయాను. మా తమ్ముడు ఆపాడు. కొనడానికి వచ్చినాయన జేబులో అయస్కాంతం తెచ్చుకున్నాడు. తలుపుల కింద, వెనక బాడీ అంచుల మీద ఆనించి చూశాడు. లప్పం పెట్టిన చోట అది పట్టదు. తుప్పు ఎక్కడెక్కడ ఉందో నేనే చూపించాను, రబ్బరు మ్యాట్ ఎత్తి ఫ్లోర్‌లో పడిన చిల్లు కూడా. దానికి ఆయన బేరం తగ్గించలేదు. రిపేరుకు ఎంతవుతుందో లెక్క వేసుకున్నాడు, అంతే.

ఈ బండి విలువ తెలిసినవాళ్లు ఉన్నారు. టాటా మొబైల్ 1988లో వచ్చింది. 1991లో వచ్చిన సియెర్రా కారును దీని మీదే కట్టారు. అంతకు ముందు టెల్కోగా ఉన్న కంపెనీ పేరు టాటా మోటార్స్‌గా మారింది 2003లో. మా ఆర్‌సీ పుస్తకంలో చేతిరాతతో టెల్కో అని ఉండటం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. మీ పుస్తకం జాగ్రత్తగా దాచండి. జాకీ, స్టెప్నీ, పాత బిల్లులు, ఏమున్నా పారేయకండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంతో సరిపోతున్నాయా అని ముందే చూసుకోండి. ఇంజను మార్చిన బండ్లు చాలా ఉన్నాయి కాబట్టి వాళ్లు మొదట అడిగేది అదే. చూడటానికి వచ్చే రోజు ఉదయం ఇంజను ముందే వేడి చేసి ఉంచకండి, చల్లగా ఉండగా వాళ్ల ఎదుటే స్టార్ట్ చేయండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని మీరే చెప్పేయండి.

ప్రకటనలో "వింటేజ్" అని రాయొద్దు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మనవాటికి ఇంకా చాలా టైముంది.

ధర గురించి నా అనుభవం ఒక్కటే చెప్పగలను. పాత ఇనుము కొట్టు ఆయన తూకానికి 38,000 అన్నాడు. నేను అమ్మింది 1,35,000కు. దానికి నాలుగు నెలలు ఆగాల్సి వచ్చింది. 2004లో నౌపడా, గుణుపురం మధ్య చిన్న రైలు (నారోగేజి) ఆగిపోయాక, పెద్ద లైను (బ్రాడ్‌గేజి) వచ్చేదాకా మా జీడిపప్పు బస్తాలన్నీ ఈ బండి మీదే వెళ్లాయి. దాన్ని ముక్కలు చేయించడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఇక కాగితాలు. ఇక్కడ దయచేసి తొందరపడకండి. చాలా ఏళ్ల కిందట ఒక జీపును సంతలో బ్రోకరుకు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాను. మూడేళ్లకు ప్రమాదం కేసులో నా పేరున కోర్టు నోటీసు వచ్చింది. బండి నా చేతిలో లేదు, నడిపినవాడు ఎవరో కూడా తెలియదు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. 2018లో సుప్రీంకోర్టు కూడా నవీన్ కుమార్ కేసులో ఇదే చెప్పింది: రికార్డులో పేరు ఎవరిదైతే పరిహారం బాధ్యత వాళ్లదే.

కాబట్టి రాష్ట్రం దాటుతోందంటే ముందు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), అంటే ఫారం 28. దాంతోపాటు అమ్మినట్టు తెలిపే ఫారం 29, పేరు మార్పుకు దరఖాస్తు ఫారం 30. కొన్నవాళ్ల పేరు, తేదీ మీ ఎదుటే నింపించండి. వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లోగా మీరు ఆర్‌టీఓ ఆఫీసుకు తెలియజేయాలి. పన్ను బాకీ, చలాన్లు ముందే కట్టేయండి. సరుకు బండి కాబట్టి ఫిట్‌నెస్ చెల్లుబాటులో లేకపోతే రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్క.

మనకు ఇంకో చిక్కు ఉంది. గజపతి, రాయగడ జిల్లాలు రెండూ 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. మన బండ్లు అంతకు ముందువి, అప్పుడు మాది గంజాం జిల్లా, మీది కోరాపుట్ జిల్లా. మాది గంజాం నంబరు, ఓఆర్ 07. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు. పుస్తకం పట్టుకుని ఆర్‌టీఓ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగితే గానీ ఎక్కించలేదు. మీది కోరాపుట్ నంబరు అయి ఉంటుంది. బేరం కుదరకముందే ఆ పని మొదలుపెట్టండి, లేదంటే కొనేవాళ్లు విసిగి వెళ్లిపోతారు.

పేరు మారేదాకా నేను కొంత డబ్బే తీసుకుని బండి మా పెరట్లోనే ఉంచాను. ఇచ్చిన రోజు తేదీ, టైము, కిలోమీటరు రీడింగు రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆయన ఆధార్ జిరాక్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.